ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతం: చిల్లర వర్తకంలో పోటీ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా సుమారు 50 కిలోమీటర్ల దూరం. మద్రాసు–హౌరా రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు పట్టణాలనూ కలుపుతాయి. ఈ దారికి దక్షిణాన కొల్లేరు సరస్సు, దాన్ని చుట్టుకుని చేపల చెరువులు, వరిచేలు. ఉత్తరాన మెట్ట ప్రాంతం: నిమ్మ, ఆయిల్‌పామ్, పొగాకు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఏలూరు పేరుతో కొత్త జిల్లా ఏర్పడింది. కైకలూరు, మండవల్లి వంటి కొల్లేటి మండలాలు కృష్ణా జిల్లా నుంచి అందులోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. సరుకుకు జిల్లా సరిహద్దుతో పనిలేదు కాబట్టి వర్తకం విషయంలో ఈ మూడింటినీ ఒకే ప్రాంతంగా చూడాలి.

ఇక్కడ కొనేవారు ప్రధానంగా మూడు తెగలు. ఏలూరులోని ఉద్యోగులు, పింఛనుదారులకు ఒకటో తారీఖున డబ్బు వస్తుంది. వరి రైతుకూ కౌలుదారుకూ సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) ధాన్యం అమ్ముడైనప్పుడు వస్తుంది. చేపల రైతుకు చెరువు పట్టుబడి అయ్యేదాకా రూపాయి రాదు. మూడు తెగలకూ ఉప్పూ పప్పూ సబ్బూ రోజూ కావాలి. అందువల్ల ఇక్కడి దుకాణాల పోటీలో ధర ఎంత ముఖ్యమో, డబ్బు కోసం ఎవరు ఎన్నాళ్లు ఆగగలరన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో సంగతిని వదిలేసి పోటీని లెక్కగట్టిన అంచనాలు చాలావరకు తప్పాయి. చిన్న కొట్లు ఐదేళ్లలో మూతపడతాయని 2006–07లో వినిపించిన జోస్యాలు అలాంటివే.

తాడేపల్లిగూడెం టోకు బజారు

ఈ ప్రాంతపు చిల్లర ధరలకు మూలం గూడెం. చుట్టుపక్కల జనం తాడేపల్లిగూడేన్ని వట్టి ‘గూడెం’ అనే అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువారు ఇక్కడ విమానాల రన్‌వే వేశారు. ఆ తర్వాత ఊరికి బియ్యం మిల్లులు, గోదాములు, నూనె పరిశ్రమ వచ్చి చేరాయి. 1960లో మొదలైన ఫుడ్స్, ఫ్యాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్ సంస్థ, ఇప్పటి 3ఎఫ్, ఇక్కడిదే. బియ్యపు తవుడు నుంచీ, తర్వాతి కాలంలో ఆయిల్‌పామ్ గెలల నుంచీ నూనె తీసే పెద్ద సంస్థల్లో అదొకటి. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. ఇలా వంటనూనె విషయంలో పండించడం నుంచి ప్యాకెట్ కట్టడం దాకా ఈ ప్రాంతం దాటి వెళ్లనక్కరలేదు.

గూడేనికి అంతకన్నా పేరు తెచ్చింది ఉల్లి. డెల్టా నేలల్లో ఉల్లి పండదు. అయినా కర్నూలు తరువాత రాష్ట్రంలో చెప్పుకోదగ్గ ఉల్లి మార్కెట్ ఇదే. ఖరీఫ్ పంట చేతికొచ్చే రోజుల్లో కర్నూలు ఉల్లి, మిగిలిన కాలమంతా మహారాష్ట్ర ఉల్లి లారీల్లో దిగుతాయి. పాట మీద అమ్ముడైన సరుకు గోదావరి జిల్లాల కొట్లకూ, ఆ పైన ఉత్తర కోస్తాకూ వెళుతుంది. ఇక్కడి కమీషన్ వ్యాపారి బలం సరుకు నాణ్యతను చేత్తో పట్టి చెప్పడంలోనే లేదు. పంపిన రైతుకు వెంటనే సొమ్ము కట్టి, తీసుకెళ్లిన చిల్లర కొట్టుకు గడువు ఇవ్వగలగడంలో ఉంది. ఈ రెంటి మధ్య కాలపు భారం మోయలేనివారు మార్కెట్లో నిలవరు.

ఉల్లి ధర ప్రభుత్వాలను కూడా కుదురుగా ఉండనివ్వదు. 2019 చివర్లో ధర చుక్కలనంటినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించింది, జనం క్యూలు కట్టారు. 2023 డిసెంబరులో కేంద్రం ఎగుమతులు నిషేధించి 2024 మేలో ఎత్తేసింది. 2025లో కథ తిరగబడింది. కర్నూలులో ధర పడిపోయి, క్వింటాలుకు 1,200 రూపాయల మద్దతు ధరతో ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. ఇన్ని ఎగుడుదిగుళ్ల సరుకును రోజు ధరకు కొని రోజు ధరకు అమ్మే పని చిన్న కొట్టుకు తేలిక, పెద్ద సంస్థకు కష్టం. కూరగాయల్లో తోపుడు బండి ఇప్పటికీ ఓడిపోకపోవడానికి ఇదొక కారణం.

ఏలూరుకు నిమ్మకాయల టోకు మార్కెట్ ఉంది. దెందులూరు, పెదవేగి వైపు తోటల కాయ ఇక్కడికి చేరి ఉత్తరాది నగరాలకు పోతుంది. వేసవిలో అక్కడ ఎండ ముదిరితే ఇక్కడ ధర పెరుగుతుంది.

పచారీ కొట్టు పట్టు

కోస్తాలో కిరాణా దుకాణాన్ని పచారీ కొట్టు అనడం ఇంకా పోలేదు. తరాలుగా ఎక్కువభాగం ఆర్యవైశ్య కుటుంబాలు నడిపిన ఈ వ్యాపారంలోకి గత కొన్ని దశాబ్దాల్లో ఇతర కులాలవారూ వచ్చారు. ఏలూరు వన్‌టౌన్ సందుల్లోని కొట్టుకూ, కొల్లేటి లంకల్లోని బడ్డీకీ పరిమాణంలో పోలిక లేదు. పద్ధతి మాత్రం ఒక్కటే: ఖాతా. నెల సామాన్లు పద్దు రాయించుకుని జీతం రాగానే కడతారు, పల్లెల్లో ధాన్యం డబ్బు రాగానే కడతారు. ఎవరికి ఎంతదాకా అరువు ఇవ్వవచ్చో, ఎవరిని ఎప్పుడు అడగాలో కొట్టువారికి నోటికి వచ్చు. అరువు ఉచితం అనుకోరాదు. ఖాతా ఉన్న ఇల్లు బేరం ఆడదు, ధర గీసి అడగదు, వేరే కొట్టుకు వెళ్లదు. గరిష్ఠ చిల్లర ధర మీద రూపాయి తగ్గించకుండా అమ్ముకోగలగడమే కొట్టువారికి దక్కే వడ్డీ.

ఆ గరిష్ఠ చిల్లర ధర, జనం నోట ‘ఎమ్మార్పీ’, భారతీయ చిల్లర వర్తకంలో పోటీని శాసించే అంకె. ప్యాకెట్ సరుకుల మీద అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర ముద్రించాలన్న నియమం 1977 నాటి నిబంధనలకు 1990లో చేసిన సవరణతో వచ్చింది. ఇప్పుడది 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద, 2011 నిబంధనల్లో ఉంది. అంతకు మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మడానికి అడ్డు లేదు. సూపర్‌మార్కెట్ల ప్రకటనలన్నీ ఈ తగ్గింపు చుట్టూ తిరుగుతాయి. అచ్చుగుద్దిన ధర మీద ఎంత కోత అన్నదే కొనేవారికి కనబడే కొలమానం. ఆ ధరను కంపెనీ మొదటే ఎంత పెంచి వేసిందో కనబడదు.

కంపెనీలూ చిన్న కొట్టునే నమ్ముకుని ప్యాకింగ్ మార్చాయి. కడలూరు నుంచి వచ్చిన చిక్ షాంపూ 1980లలో చూపిన సాషే దారిలో ఇవాళ కాఫీ పొడి, కొబ్బరి నూనె, వాషింగ్ పౌడరు అన్నీ నడుస్తున్నాయి. రోజు కూలీ తెచ్చే చేతికి అయిదు, పది రూపాయల ప్యాకెట్టే సరిపోతుంది. ముడిసరుకు ధర పెరిగినప్పుడు ఆ ప్యాకెట్ ధర పెరగదు, లోపలి గ్రాములు తగ్గుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు కొన్ని చిన్న ప్యాకెట్లలో గ్రాములు పెరగడం ఈ లెక్కకు రెండో వైపు.

బియ్యం విషయంలో పన్నుకూ వర్తకానికీ జరిగిన దాగుడుమూతలు ఇంకా ముచ్చటైనవి. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, ఆ లోపు తూకంతో కట్టి ముద్ర వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది. కొద్ది రోజుల్లోనే తెలుగు నాట 26 కిలోల బస్తా దిగింది! అలవాటైన 25 కిలోల బస్తా మరుగునపడి, ఒక్క కిలో అదనంతో పన్ను పరిధి దాటిన బస్తా ప్రమాణమైపోయింది. అయినా పల్లెల్లో సూపర్‌మార్కెట్ బియ్యానికి గిరాకీ తక్కువే. సొంత పొలం ఉన్నవారు తిండిగింజలు ఇంట్లో నిలవ ఉంచుకుని మర పట్టించుకుంటారు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ వంటి రకాలు ఈ డెల్టాను ధాన్యాగారం చేశాయి, చిల్లర కొట్టుకు మాత్రం బియ్యపు బేరాన్ని సగం చేశాయి.

గొలుసు దుకాణాల రాక

తెలుగు నాట సూపర్‌మార్కెట్ గొలుసులకు పుట్టినిల్లు హైదరాబాద్. 1986లో మొదలైన త్రినేత్ర అక్కడి నుంచి కోస్తా పట్టణాలకు విస్తరించింది. ఆదిత్య బిర్లా గ్రూపు 2007లో దాన్ని కొని ‘మోర్’గా మార్చింది. 2018లో మోర్ సమారా క్యాపిటల్, అమెజాన్‌ల పెట్టుబడి కిందికి వెళ్లింది. రిలయన్స్ తన మొదటి ‘ఫ్రెష్’ దుకాణాన్ని 2006లో హైదరాబాద్‌లోనే తెరిచింది. హెరిటేజ్ ఫుడ్స్ తన ‘ఫ్రెష్’ దుకాణాలను 2016లో ఫ్యూచర్ గ్రూపుకు ఇచ్చేందుకు ఒప్పందం చేసుకుంది. ఆ ఫ్యూచర్ గ్రూపే అప్పుల్లో మునిగాక, 2022 ఫిబ్రవరిలో దాని దుకాణాలనేకం రిలయన్స్ చేతికి పోయాయి. చెన్నై నుంచి 1997లో బయల్దేరి దేశమంతటా సుమారు 1,600 దుకాణాలు తెరిచిన సుభిక్ష 2009కల్లా కుప్పకూలింది. సిబ్బందికి జీతాలు, సరఫరాదారులకు బకాయిలు చెల్లించలేక మూతపడింది. బోర్డు మీద పేరు మారినన్ని సార్లు వీధి చివరి పచారీ కొట్టు పేరు మారలేదు.

ఈ గొలుసుల్లో నిలకడగా ఎదిగింది డీమార్ట్. రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలో మొదలుపెట్టిన ఈ సంస్థ 2017లో షేర్ మార్కెట్‌కు వచ్చింది. స్థలం వీలైనంతవరకు సొంతానికి కొంటుంది కనుక అద్దె బాధ ఉండదు. సరఫరాదారుకు కొద్ది రోజుల్లోనే సొమ్ము కట్టి, అందుకు బదులుగా ధరలో తగ్గింపు రాబడుతుంది. అలంకారాల జోలికి పోదు. అరువు ఇవ్వదు. ఖాతా కొట్టు ‘తరువాత కట్టు, పూర్తి ధర కట్టు’ అంటే, ఇది ‘ఇప్పుడే కట్టు, తగ్గించి కట్టు’ అంటుంది. జీతగాళ్ల ఇళ్లు నెల సామాన్లకు రెండోదాన్ని ఎంచుకుని, నెల మధ్యలో అయిపోయిన కారం, కందిపప్పు కోసం మొదటిదానికి వెళతాయి. పచారీ కొట్లు పోగొట్టుకున్నది చాలావరకు ఈ ఒకటో తారీఖు జాబితానే. అందులోనే వాటికి మంచి లాభం ఉండేది.

చిన్న కొట్లకు సరుకు అమ్మే దగ్గర వచ్చిన పోటీ టోకు సంస్థలది. వాల్‌మార్ట్ ‘బెస్ట్ ప్రైస్’, జర్మనీకి చెందిన మెట్రో విజయవాడలో దుకాణాలు తెరిచి, కొట్ల యజమానులకు కార్డులిచ్చి టోకు ధరకు అమ్మాయి. వాల్‌మార్ట్ భారత టోకు వ్యాపారం 2020లో ఫ్లిప్‌కార్ట్‌కు, మెట్రో 2,850 కోట్ల రూపాయల ఒప్పందంతో 2023లో రిలయన్స్‌కు చేరాయి. ఏలూరు కొట్టు యజమాని దగ్గర ఇప్పుడు మూడు దారులున్నాయి: వాకిట్లోకి వచ్చే కంపెనీ లైను సేల్స్‌మ్యాన్, గూడెం లేదా విజయవాడ గొల్లపూడి టోకు వ్యాపారి, ఫోన్‌లోని యాప్. మొదటి ఇద్దరూ గడువు ఇస్తారు. ఇలాంటి పెద్ద టోకు సంస్థలకు కంపెనీలు తమకన్నా చౌకగా ఇస్తున్నాయని 2021–22లో పంపిణీదారుల దేశవ్యాప్త సంఘం హిందుస్థాన్ యూనిలీవర్ తదితర సంస్థల మీద సహాయనిరాకరణకు దిగింది. పోరు మహారాష్ట్రలో ఎక్కువగా జరిగినా, దాని వెనుక ఉన్న ఫిర్యాదు ఇక్కడి ఏజెన్సీలకూ కొత్తది కాదు.

బట్టల వ్యాపారం దారి వేరు. చందన బ్రదర్స్, బొమ్మన బ్రదర్స్ వంటి కోస్తా సంస్థలు ఒకే కప్పు కింద నాలుగైదు అంతస్తుల దుకాణాన్ని గోదావరి జిల్లాలకు అలవాటు చేశాయి. ముహూర్తాలు లేని ఆషాఢంలో బేరం పడిపోతుంది కనుక ఆ నెలే తగ్గింపుల నెల అయింది. శ్రావణానికి కొత్త సరుకు దిగాలంటే పాతది ఖాళీ కావాలి. పంచాంగాన్ని ఇంత చక్కగా వాడుకున్న వ్యాపార వ్యూహం మరొకటి కనబడదు.

బ్రిటన్ సూపర్‌మార్కెట్లతో పోలిక

చిల్లర వర్తకంలో పోటీకి పాఠ్యపుస్తకాలు సాధారణంగా బ్రిటన్‌ను ఉదాహరణగా ఇస్తాయి. ఆ దేశంలో 1964 దాకా చాలా సరుకులకు తయారీదారు నిర్ణయించిన ధర కన్నా తగ్గించి అమ్మడమే కుదిరేది కాదు. ఆ ఏడాది వచ్చిన పునర్విక్రయ ధరల చట్టం ఆ కట్టు తెంచింది. 1919లో లండన్‌లో తోపుడు బండి మీద మొదలైన జాక్ కోహెన్ వ్యాపారం, తర్వాతి రోజుల టెస్కో, ఆ చట్టంతో బాగా లాభపడింది. మనకు ధర మీద చట్టం పైకప్పు వేసింది, అక్కడ అడుగున వేసిన పలకను తీసేసింది.

టెస్కో 1995లో క్లబ్‌కార్డ్ ప్రవేశపెట్టి, అదే ఏడాది 1869 నాటి సెయిన్స్‌బరీస్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చింది. ఎవరు ఏం కొంటున్నారో కార్డు చెబుతుంది. ఏలూరు పచారీ కొట్టువారు ఆ పనిని కార్డు లేకుండానే చేస్తున్నారు. వారి దగ్గర ఉన్న సమాచారం పక్క వీధికి కూడా వెళ్లదు, అదే వారి పరిమితి. తర్వాత జర్మనీ నుంచి 1990లో ఆల్డీ, 1994లో లిడ్ల్ వచ్చాయి. తక్కువ రకాలు, ఎక్కువగా సొంత బ్రాండ్లు, చవక ధర అన్న పద్ధతితో ఆల్డీ 2022లో మోరిసన్స్‌ను దాటి నాలుగో స్థానానికి ఎక్కింది. 2019లో సెయిన్స్‌బరీస్, ఆస్డాలు కలవాలనుకుంటే ధరలు పెరుగుతాయంటూ పోటీ నియంత్రణ సంస్థ ఆపేసింది.

మన ప్రాంతానికి ఎక్కువ పనికొచ్చే బ్రిటిష్ పాఠం ధరలది కాదు, బకాయిలది. పెద్ద దుకాణాలు సరఫరాదారులను పీడించకుండా చూసేందుకు 2013లో ఆ దేశం ఒక ప్రత్యేక న్యాయనిర్ణేతను నియమించింది. సరఫరాదారుల సొమ్మును ఆలస్యం చేసి టెస్కో నియమావళిని తీవ్రంగా ఉల్లంఘించిందని ఆ కార్యాలయం 2016 జనవరిలో తేల్చింది. అంటే అక్కడ అరువు కిందినుంచి పైకి పారుతుంది: రైతు, తయారీదారు పెద్ద దుకాణానికి గడువు ఇస్తారు. గోదావరి జిల్లాల్లో పైనుంచి కిందికి పారుతుంది: టోకు వ్యాపారి కొట్టుకు, కొట్టు ఇంటికి.

కొల్లేటి అరువు

ఈ ప్రవాహం మరీ చిక్కబడేది కొల్లేటిలో. 1976లో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇవ్వడంతో చేపల సాగు ఊపందుకుంది. తర్వాత డబ్బున్నవారు లీజుల మీద, ఆక్రమణల మీద సరస్సు గర్భందాకా గట్లు పోశారు. 1999లో అయిదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట వేల ఎకరాల చెరువుల గట్లు తెంచారు. అభయారణ్యం బయట కైకలూరు, మండవల్లి, ఆకివీడు, నిడమర్రు వైపు సాగు పెరుగుతూనే ఉంది. కట్ల, శీలావతి, ఫంగస్ రకాలు ఐసులో సర్దుకుని లారీల్లో హౌరాకూ ఈశాన్య రాష్ట్రాలకూ వెళతాయి.

చెరువు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది: నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, ఈ మధ్య గుళిక మేత. తవుడును చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి నీళ్లలో వేలాడదీయడం ఈ ప్రాంతపు పద్ధతి. ఈ మేతను ఎక్కువమంది అరువు మీద తెచ్చుకుంటారు. మేత డీలరు దగ్గర నగదు రేటు ఒకటి, అప్పు రేటు ఒకటి. మందులు, ఖనిజ లవణాలు, కొన్నిచోట్ల లీజు సొమ్ము కూడా ఆయనే సర్దుతారు. పట్టుబడి రోజున సరుకు ఎవరికి తూయాలన్నది అప్పుడు రైతు ఒక్కడి నిర్ణయంగా మిగలదు. ఏలూరులో ఎన్ని అంతస్తుల మాల్ తెరిచినా, ఈ ప్రాంతంలో అసలు బలమైన చిల్లర వ్యాపారి కైకలూరు, ఆకివీడు రోడ్ల మీది మేత డీలరేనని నా అభిప్రాయం. ఆయనతో పోటీ పడాలంటే చౌక మేత తెస్తే చాలదు, పట్టుబడిదాకా ఆగే పెట్టుబడి తేవాలి. చెరువు గట్టు తెగినా, వరదకు చేప పోయినా, హౌరాలో ధర పడినా ఆయన పద్దు ఆగిపోతుంది. ఆ నష్టభయాన్ని కూడా అప్పు రేటులో ముందే కలుపుకుంటారు.

పెనుమాకలంక వంటి లంక గ్రామాల్లో ఉప్పుటేరు సరస్సు నీటిని సముద్రానికి తీయలేని రోజుల్లో రోడ్డు మునిగి, సరుకులు పడవ మీద రావాలి. అప్పుడు ఊళ్లో ఉన్న ఒకటి రెండు కొట్లదే రాజ్యం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలో జరిగే రోజుల్లో మాత్రం బయటి వ్యాపారులు వచ్చి తాత్కాలిక బజారు పెడతారు, లంకల జనానికి గిన్నెలూ బట్టలూ గాజులూ ఎంచుకునే వీలు దొరుకుతుంది.

ప్రభుత్వం ఒక పోటీదారు

రాష్ట్ర ప్రభుత్వాలు ఈ బజారులో చాలాసార్లు తామే దిగాయి. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు అందులో నిలిచినవి. గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్ముతారు, ఎస్టేట్ అధికారి టోకు ధరకు పైన, బయటి చిల్లర ధరకు కింద రోజూ ధర నిర్ణయించి బోర్డు మీద రాయిస్తారు. బయటి బండ్లవారు కూడా ఆ బోర్డు చూసే ధర చెబుతారు కాబట్టి, అక్కడికి వెళ్లనివారికీ మేలు జరుగుతుంది. మిగతావి అంత నిలవలేదు. 2017 డిసెంబరులో రిలయన్స్, ఫ్యూచర్ గ్రూపులతో కలిసి చౌకధరల దుకాణాలను ‘చంద్రన్న విలేజ్ మాల్స్’గా మార్చే పథకం వచ్చి, ప్రభుత్వం మారాక పోయింది. 2020లో చేయూత పథకం కింద మహిళలు కొట్లు పెట్టుకునేందుకు హిందుస్థాన్ యూనిలీవర్, ఐటీసీ వంటి కంపెనీలతో ఒప్పందాలు జరిగాయి. 2021లో ఇంటింటికీ రేషన్ తెచ్చిన 9,260 వాహనాలు 2025 జూన్ 1 నుంచి ఆగిపోయాయి. ప్రభుత్వం పెట్టిన దుకాణం ఎన్నికల గడువు దాటాలంటే రైతు బజారులా అమ్మేవారికి సొంత లాభం ఉండాలి.

విదేశీ సంస్థల మాటకొస్తే, 2012 సెప్టెంబరులో కేంద్రం బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించింది. ఒప్పుకున్న రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మొదటి నిబంధన ప్రకారం పది లక్షల జనాభా మించిన నగరాలకే ఆ అవకాశం. 2011 లెక్కల్లో ఏలూరు జనాభా రెండు లక్షల పైచిలుకు, తాడేపల్లిగూడెం లక్ష పైచిలుకు. ఆ విధానం కింద దరఖాస్తు పెట్టి అనుమతి పొందిన విదేశీ సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో ఒక్కటే. టాటాల ట్రెంట్‌తో కలిసి స్టార్ బజార్ దుకాణాల్లో సగం వాటా తీసుకుని, అది పెద్ద నగరాలకే పరిమితమైంది.